తుంటి ఎముక ఎందుకు చచ్చిపోయిందో ఒక్క లైన్ రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను తిరుపతిలో ఉంటా, మెడికల్ కోడింగ్ చేస్తా. అంటే అమెరికా ఆస్పత్రుల పేషంట్ల చార్టులు చదివి డాక్టర్ రాసిన జబ్బుకి ఐసీడీ-10 (జబ్బులకి నంబర్లు ఇచ్చే అంతర్జాతీయ పట్టీ) కోడ్ వేసే పని, రాత్రిపూట ఇంట్లోనే కూర్చొని. ఆ కోడ్‌ని బట్టే అక్కడ ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బులు ఇస్తారు. ఇన్నేళ్ళు చేసినా ఇది ఎక్కడో సముద్రం అవతల వాళ్ళ గోలలే అనుకునేదాన్ని, మా మేనమామ కాగితాలు చేతికొచ్చేదాకా.

మామది పుత్తూరు పక్క పల్లె. 2021లో కోవిడ్ వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు స్టెరాయిడ్ ఇచ్చినారు, ఇంటికొచ్చినాక కూడా కొన్నాళ్ళు మాత్రలు మింగినాడు, బతికి బయటపడినాడు, అందులో ఎవర్నీ తప్పు పట్టేది లేదు. తర్వాత కొన్ని నెలలకి గజ్జల్లో నొప్పి మొదలైంది, అది మోకాలికి దిగింది, ఊర్లో ఆర్‌ఎంపీ మోకాలికే సూది వేసినాడు, ఇంకొకాయన సయాటికా అన్నాడు. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనపళ్ళేదు. (ఈ జబ్బు మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్ఐలోనే తెలుస్తుంది, అది చాలామందికి తెలీదు.) చివరికి ఎంఆర్ఐ చేస్తే రెండు తుంట్లలోనూ ఎముక తలకి రక్తం అందక చచ్చిపోతా ఉందన్నారు. ఏవీఎన్ అంటారు కదా, అదే, స్టెరాయిడ్ వాడకం వల్ల కూడా వస్తుంది. కుడివైపు బాగా కుంగిపోయింది కాబట్టి ముందు దానికి మార్పిడి ఆపరేషన్ అయింది, బాగానే చేసినారు, కుట్లు కూడా చక్కగా మానినాయి.

గొడవంతా డిశ్చార్జి సమ్మరీతో వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి మామ తీసిచ్చిన కాగితం మీద డయాగ్నోసిస్ దగ్గర 'ఏవీఎన్ హిప్, ఇడియోపతిక్' అని ఉంది, కుడా ఎడమా రాయలేదు. రెండో పేజీలో పాత చరిత్ర కింద పెన్నుతో 'కోవిడ్ 2021, ఆన్ స్టెరాయిడ్స్' అని ఇరికించినారు, ఏ మందో, ఎన్ని రోజులో ఏమీ లేదు. ఆపరేషన్ నోట్స్‌లో ఒక చోట 'ఎల్‌టీ' (ఎడమ) అని రాసి దాని మీదే 'ఆర్‌టీ' (కుడి) అని దిద్దినారు, సంతకం లేదు, తేదీ లేదు.

చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఇడియోపతిక్ అంటే కారణం తెలీదని అర్థం సార్, నా పనిలో అది ఎం 87.0. మందు వల్ల వచ్చిందని డాక్టర్ రాస్తే ఎం 87.1, దానికి తోడు ఏ మందో చెప్పే ఇంకో కోడ్ వేయాలి. పాత దెబ్బ వల్లైతే 87.2, ఈ రెండూ కాకుండా వేరే కారణం ఉంటే 87.3, కారణం ఊసే లేకపోతే 87.9. సికిల్ సెల్ లాంటి రక్తం జబ్బు వల్ల వస్తే అసలు ఎం 87 కాదు, ముందు ఆ రక్తం జబ్బు కోడ్ వేసి తర్వాత ఎం 90.5కి పోవాలి. అమెరికా వెర్షన్‌లో కుడి ఎడమలకి కూడా వేరే వేరే అంకెలు. మొదటి పేజీలో ఇడియోపతిక్ అని, రెండో పేజీలో స్టెరాయిడ్స్ అని ఉంటే, ఆ రెండింటినీ నా అంతట నేను ముడిపెట్టకూడదు, అది డాక్టరే రాయాల. మాకు మొదట్లో నేర్పేదే అది, డాక్టర్ రాయనిది నువ్వు ఊహించొద్దు అని.

మామ కొడుకు కంపెనీ పాలసీలో క్లెయిమ్ పెడితే టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) నుంచి క్వెరీ వచ్చింది. కారణం ఏంది, ఎప్పట్నించి ఉంది, మద్యం అలవాటు ఉందా, డాక్టర్ లెటర్ పంపండి అని. అడగడంలో తప్పేం లేదు, తాగుడు వల్ల కూడా ఏవీఎన్ బాగానే వస్తుంది. కానీ మా మామ జన్మలో తాగలేదు. ఆ మాట వినగానే ముఖం మాడ్చుకొని 'ఏం పాపా, ఈ వయసులో నన్ను తాగుబోతుని చేసినారే' అన్నాడు. ఆ లెటర్ కోసం వాకర్ పట్టుకొని పుత్తూరు నుంచి తిరుపతికి మూడుసార్లు బస్సులో తిరిగినాడు, ఒకసారి డాక్టర్ లేరు, ఒకసారి రికార్డు రూం తాళం వేసింది. నేనేమో ఎన్నడూ చూడని అమెరికా డాక్టర్‌కి రాత్రి ఒక క్వెరీ పంపితే రెండ్రోజుల్లో జవాబు వస్తుంది. ఇక్కడ మాత్రం ఆ తిరుగుడంతా పేషంటే తిరగాల.

పేరు రాయను, ఆ ఒక్క ఆస్పత్రి సంగతే కాదు ఇది. మన జిల్లా వాళ్ళు ఒక్కచోట చూపించుకోరు కదా, తిరుపతిలో రుయా, బర్డ్, స్విమ్స్ ఆస్పత్రులు, లేకపోతే వేలూరు, కవర్ పట్టుకొని తిరుగుతానే ఉంటారు. తర్వాత చూసే డాక్టర్‌కి ఆ కాగితమే దిక్కు. ఇడియోపతిక్ అని ఉంటే ఆయన స్టెరాయిడ్ సంగతి అడక్కపోవచ్చు, మళ్ళీ అదే మాత్ర రాసినా రాయొచ్చు.

డాక్టర్లకి టైం ఉండదు, ఓపీలో వంద మంది నిలబడి ఉంటారు, తెలుసు. నేనడిగేది వ్యాసం కాదు. ఏ వైపు, ఏ స్టేజి, దేనివల్ల, మందైతే దాని పేరు, ఎన్నాళ్ళు వాడినారు. కారణం నిజంగా తెలీకపోతే తెలీదని రాయండి, తెలిసి కూడా అలవాటుగా ఇడియోపతిక్ అనొద్దు. కొట్టేసి దిద్దితే పక్కన సంతకం పెట్టండి. మీ పేపర్ ఆరోగ్యం పేజీలో కూడా ఒక మాట వేయండి, స్టెరాయిడ్ వాడిన చీటీలు పారేయొద్దని, గజ్జల్లో నొప్పి పట్టి వదలకపోతే డాక్టర్‌కి ఆ చీటీ చూపించమని.

మామ క్లెయిమ్ లెటర్ అందినాకే పాసయింది. ఎడమ తుంటికి కూడా ఆపరేషన్ చేయాలంటా ఉండారు. ఈసారి డిశ్చార్జి రోజు నేనే పోయి కౌంటర్ దగ్గర నిలబడి, సమ్మరీ మొత్తం చదివినాకే మామని ఆటో ఎక్కిస్తా.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్,
తిరుపతి