విజయవాడ చౌక నగరమని ఎవరు తేల్చారు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

నగరాలవారీగా జీవన వ్యయాన్ని పోలుస్తూ మీ పత్రిక కిందటి వారం ప్రచురించిన పట్టికను, దాని కింది వ్యాఖ్యను చదివిన రోజు నుంచీ ఈ ఉత్తరం రాయాలనే అనుకుంటున్నాను. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో వచ్చే జీతంలో సగం వచ్చినా విజయవాడ, గుంటూరు, తిరుపతిలలో అంతే సుఖంగా బతకవచ్చని అందులో తేల్చారు. అందుకు పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని ఆధారంగా చూపారు. ఏళ్ల తరబడి అర్థశాస్త్రం బోధించినవాణ్ణి, జీవితంలో ముప్పాతిక భాగం అద్దె ఇళ్లలో గడిపినవాణ్ణి కనుక ఊరుకోలేకపోతున్నాను.

ముందు సూచీ సంగతి. కేంద్ర కార్మిక శాఖ కింద సిమ్లాలో పనిచేసే లేబర్ బ్యూరో దేశంలోని 88 కేంద్రాలకు ప్రతి నెలా ఈ సూచీని ప్రకటిస్తుంది. దీనికి ఆధార సంవత్సరం 2016. అంటే ఆ ఏడాది హైదరాబాద్‌లో ఉన్న ధరలనూ 100గానే తీసుకున్నారు, గుంటూరులో ఉన్న ధరలనూ 100గానే తీసుకున్నారు. అప్పటికే హైదరాబాద్ అద్దె గుంటూరు అద్దెకు రెండింతలు ఉన్నా సరే, సూచీలో రెండూ నూరే. ఇవాళ ఒక కేంద్రం అంకె మరో కేంద్రం అంకె కన్నా ఎక్కువగా ఉంటే, 2016 నుంచి అక్కడ ధరలు ఎక్కువ వేగంగా పెరిగాయని మాత్రమే అర్థం. ఎక్కడ బతకడం ఖరీదో, ఎక్కడ చౌకో ఆ అంకె చెప్పదు. డిగ్రీ విద్యార్థి ఈ తప్పు రాస్తే మార్కులు తగ్గించేవాళ్లం. ఇన్ని వేల ఇళ్లకు వెళ్లే పత్రికలో అచ్చయ్యే ముందు ఒక్కరూ సరిచూడకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. లెక్కలతో కూడిన వార్తను తెలిసినవారికి ఒకసారి చూపించి వేసే అలవాటు పత్రికల్లో తగ్గిపోయిందన్న మాట ఇక్కడ అనక తప్పదు.

అయితే నా కోపమంతా మీ మీద కాదు. ప్రభుత్వమూ ఇదే తప్పును ఇంకో రూపంలో చేస్తోంది. కేంద్ర ఉద్యోగుల ఇంటద్దె భత్యం కోసం నగరాలను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులు చేశారు. ఈ విభజనకు ప్రాతిపదిక అద్దె కాదు, 2011 నాటి జనాభా. 50 లక్షలు దాటితే ఎక్స్, 5 లక్షలు దాటితే వై, అంతకన్నా తక్కువైతే జెడ్. 2024 జనవరి నుంచి వీటికి మూల వేతనంలో వరుసగా 30, 20, 10 శాతం ఇస్తున్నారు. 50,000 రూపాయల మూల వేతనం గల ఉద్యోగికి హైదరాబాద్‌లో 15,000, విజయవాడలో 10,000, తిరుపతిలో 5,000 వస్తాయి. తిరుపతికి ఏడాది పొడవునా వచ్చే యాత్రికుల కోసం ఇళ్లు రోజు అద్దె గదులుగా మారిపోతుంటే, విశ్వవిద్యాలయాలూ ఐఐటీ, ఐసర్ వంటి సంస్థలూ అక్కడే ఉంటే, నెల అద్దెకు ఇల్లు వెతుక్కునేవాడికి అయిదు వేలకు ఏం దొరుకుతుందో ఆ శాతం నిర్ణయించినవారు ఒక పూట ఆ వీధుల్లో తిరిగి చూడాలి. పదిహేనేళ్ల కిందటి తలల లెక్కతో ఇప్పటి ఇంటద్దెను కొలవడం ఏ శాస్త్రం?

విజయవాడ విషయంలో రాష్ట్ర ప్రభుత్వమే ఒకప్పుడు నిజం ఒప్పుకుంది. రాష్ట్ర విభజన తర్వాత సచివాలయాన్ని 2016లో విజయవాడకు దగ్గరలో, అమరావతి రాజధాని ప్రాంతంలోని వెలగపూడికి తరలించినప్పుడు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఉద్యోగులకు అక్కడి 30 శాతం అద్దె భత్యాన్నే కొనసాగించింది. వచ్చినవారి కోసమే ఇచ్చినా, ఇక్కడి అద్దెలు తక్కువేమీ కాదని తెలిసే ఇచ్చింది. 2022 జనవరిలో వేతన సవరణ ఉత్తర్వులతో భత్యాలు తగ్గించగానే, ఫిబ్రవరి 3న వేలాది ఉద్యోగులు విజయవాడ వీధుల్లోకి వచ్చారు. చర్చల తర్వాత కొంత పెంచారు. ఉద్యోగులకు సంఘాలున్నాయి, గొంతు ఉంది. బీసెంటు రోడ్డు బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయికి, ఆటోనగర్ షెడ్డులో మెకానిక్కుకు ఏ భత్యమూ లేదు. రాజధాని మాట బలపడినప్పుడల్లా వాళ్ల అద్దె కూడా పెరిగింది. 2019 తర్వాత రాజధాని పనులు ఆగిపోయినప్పుడు మా వీధిలో ఏ ఇంటి యజమానీ పెంచిన అద్దె తగ్గించలేదు. పనులు మళ్లీ మొదలవగానే మాత్రం మరో పెంపు వచ్చి పడింది.

చౌకగా దొరికే ఇళ్ల గురించి కూడా మీ పట్టిక ఏమీ చెప్పదు. నగరంలో తక్కువ అద్దెకు వాటాలు దొరికే చోట్లు అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వంటివి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మునిగినవీ అవే. మంచం, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు రోజుల తరబడి నీళ్లలో నానిపోయిన కుటుంబం అంతకు ముందు నెలనెలా మిగుల్చుకున్న రెండు వేలను ఎక్కడ లెక్క వేసుకోవాలి? కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 చొప్పున ప్రభుత్వం ఇచ్చిన సాయంతో ఆ సామాను తిరిగి రాలేదు.

పెద్ద నగరాల ఖర్చయినా సరిగా చూపారా అంటే అదీ లేదు. మా పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉంటున్నారు కనుక ఈ సంగతులు నాకు బాగా తెలుసు. బెంగళూరులో అద్దెతో పాటు అయిదారు నెలల అడ్వాన్సు అడుగుతారు, ఒకప్పుడు పది నెలలు అడిగేవారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకుంటారు. అడ్వాన్సు రెండు నెలలకు మించరాదని కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతోంది గాని, రాష్ట్రాలు చట్టం చేస్తే తప్ప అది కాగితమే. హైదరాబాద్‌లో అద్దె మీద మెయింటెనెన్సు, వేసవిలో ట్యాంకర్ల వాటా వేరు. మెట్రో ఛార్జీలు 2025లో రెండు నగరాల్లోనూ పెరిగాయి, బెంగళూరులో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 90కి చేరింది. ఇంకోవైపు, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు రోజూ పనికి వెళ్లే ఇంట్లో దీనివల్ల ఎంత మిగులుతుందో ఏ పట్టికా లెక్కించలేదు.

రాబోయే 2027 జనగణనలో ఇల్లు సొంతమా, అద్దెదా అని అడుగుతారు. అద్దె ఎంత కడుతున్నారని అడగరు. అయినా అంకెలే లేవని అధికారులు అనడానికి వీల్లేదు. లేబర్ బ్యూరో తన సూచీ కోసం ఆరు నెలలకోసారి ఆయా కేంద్రాల్లో ఇళ్ల అద్దెలను సేకరిస్తూనే ఉంది. వాటిని సూచీ కింద దాచేయకుండా, ఏ కేంద్రంలో ఎలాంటి ఇంటికి ఎన్ని రూపాయలో ప్రకటించాలి. కేంద్ర ఉద్యోగుల జీతభత్యాలను సమీక్షించే ఎనిమిదో వేతన సంఘం నగరాల తరగతులను ఆ అద్దెల ఆధారంగా సవరించమని సిఫార్సు చేయాలి. మన ఎంపీలలో ఒక్కరైనా ఈ మాట పార్లమెంటులో అడగాలి.

మీకు నా విన్నపం ఇది. ఆ పట్టికకు సవరణను అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వెంటనే ప్రచురించండి. ఆ తర్వాత మీ విలేకరుల చేత లేబర్ బ్యూరో దగ్గరున్న అద్దెల వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడిగించి, వాటితో కొత్త పట్టిక వేయండి.

భవదీయుడు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
విజయవాడ