బొర్రా దగ్గర సలహా ఇచ్చిన డ్రైవరన్నకు

అరకు నుంచి విశాఖకు తిరుగు ప్రయాణం, రాత్రికి రైలు, పొద్దుటి నుంచీ వాన. అయినా బొర్రా గుహలు చూడొచ్చని ధైర్యం చెప్పిన డ్రైవరన్నకు కృతజ్ఞతలు. పేరడగడం మరిచాం.

అన్నా, మీ మాటలు మిగతావాళ్లకూ పనికొస్తాయి. పైన వాన ఆగినా సున్నపురాయి పగుళ్లలోంచి గుహలోకి నీరు కారుతూనే ఉంటుంది, మెట్లు జారతాయి. గొడుగు కారులోనే వదిలి రెయిన్‌కోటు వేసుకోవాలి: ఒక చెయ్యి రెయిలింగుకు, రెండోది పిల్లలకు. అరిగిన చెప్పులతో దిగనే వద్దు. కోతులుంటాయి, తినుబండారాల సంచీ బయటికి కనపడకూడదు.

ఘాట్‌రోడ్డులో పొగమంచు కమ్మినప్పుడు హెడ్‌లైట్లు హైబీమ్‌లో (దూరానికి) వేస్తే తెల్లటి గోడే కనిపిస్తుంది, కిందికి పడే లోబీమే మేలు. దిగుడులో రెండో గేరు. బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. చీకటి పడకముందే ఘాట్ దిగాక వచ్చే శృంగవరపుకోట దాటమన్నారు చూడండి, అసలు మేలు అదే.