పాత సోలార్ ప్యానెళ్లకు చోటేది?

సంపాదకులకు,

కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. 320 వాట్ల ప్యానెళ్లయితే మెగావాట్‌కు మూడు వేలకు పైనే పడతాయి. ఒక్కోటి 20 కిలోలనుకున్నా మొత్తం 60 వేల టన్నులు, ప్యానెళ్లు పాతబడ్డాక అదీ ఇంచుమించు ఒకేసారి చెత్తగా దిగుతుంది. పాత సామాన్ల వాళ్లకు కావలసింది అల్యూమినియం ఫ్రేము. అది పీకితే గాజు పగులుతుంది, టంకంలోని సీసం వానకు నేలలోకి దిగుతుంది. అందుకే ఫ్రేము ఊడదీయకుండా, కప్పు కింద నిల్వ చేయాలి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు పాత ప్యానెళ్లను 2034-35 దాకా నిల్వ ఉంచమని తయారీదారులకు చెబుతున్నాయి. ప్రభుత్వం జిల్లాకో గిడ్డంగి స్థలం ఇప్పుడే కేటాయించాలి.

బ్యాటరీల గొడవ అంతకంటే ముందే వస్తుంది. ఇళ్లలోని లెడ్ యాసిడ్ బ్యాటరీలు కొన్నేళ్లకే పోతాయి. యాసిడ్‌ను కాలువలో పారబోయకుండా, బ్యాటరీని నిటారుగా ఉంచి, కొత్తది కొన్న దుకాణంలోనే అప్పగించాలి. లిథియం బ్యాటరీల టెర్మినళ్లకు టేపు చుట్టకపోతే లారీలోనే మంటలు లేవవచ్చు.

- సౌర విద్యుత్ సాంకేతిక నిపుణులు, కర్నూలు