కుక్క జాతి సంగతి తర్వాత, ముందు మీ ఇంటి సంగతి

పర్లాకిమిడి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. కుక్కపిల్లని తెచ్చుకోవడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారని చదివి ఎంత సంతోషమేసిందో! లాబ్రడార్ మంచిదా, బీగిల్ మంచిదా అని అడిగావు. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఇంకో విషయం మాట్లాడాలి. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, తీరిక చూసుకుని చదువు.

కుక్కని కొనేటప్పుడు అందరూ దాని స్వభావం గురించే అడుగుతారు. కరుస్తుందా, మొరుగుతుందా, పిల్లలతో బాగుంటుందా అని. పెంచేవాడి స్వభావం గురించి ఎవరూ అడగరు. నాకైతే రెండోదే ముందు తేల్చుకోవలసిన సంగతి అనిపిస్తుంది. మా వీధిలో ఇన్నేళ్ళుగా కుక్కల్నీ, వాటిని పెంచేవాళ్ళనీ చూస్తున్నాను కదా, ఆ చూసిందే నీకు చెప్తాను.

మా పెదనాన్న నీకు గుర్తున్నారా? నౌపడా–గుణుపురం లైన్లో చిన్న రైలు నడిచిన రోజుల్నుంచీ గడియారం చూసుకుంటూ బతికిన మనిషి. రిటైరైనా ఆ పద్ధతి పోలేదు. పొద్దున్న అయిదింటికి గేటు గడియ తీస్తారు. ఆ చప్పుడుకి ఒక్క క్షణం ముందే ఆయన కుక్క సీజర్ లేచి, ఒళ్ళు విరుచుకుని, గేటు దగ్గర నిలబడి ఉంటుంది. రోజూ అదే దారి: ప్యాలెస్ వైపు వెళ్ళి, వెనక్కి. తిండి ఒకే వేళకి, ఒకే గిన్నెలో, ఒకే మూల. ఆయన దాన్ని ముద్దు చేయడం నేనెప్పుడూ చూడలేదు. తల మీద రెండుసార్లు తట్టి లోపలికి వెళ్ళిపోతారు. అయినా మా వీధి మొత్తం మీద అంత నిబ్బరమైన కుక్క మరొకటి లేదు. రథయాత్రకి ఊరంతా జనంతో కిక్కిరిసి, డప్పులు మోగుతున్నా అరుగు మీద పడుకుని చూస్తూ ఉంటుంది. తర్వాత ఏం జరుగుతుందో దానికి తెలుసు, అందుకే దానికి టెన్షన్ లేదు. మనుషుల్లో క్రమశిక్షణ అనే గుణాన్ని కొందరు చాదస్తం అంటారు గానీ, కుక్కకి అదే పెద్ద ధైర్యం.

ఆ పద్ధతికీ ఒక ఇబ్బంది ఉంది. పెదనాన్న కంటి ఆపరేషన్ కోసం విశాఖపట్నం వెళ్ళినప్పుడు సీజర్ అన్నం ముట్టలేదు. గేటు ముందే కూర్చుంది. పెద్దమ్మ పిలిస్తే ఒకసారి తల తిప్పి చూసి, మళ్ళీ రోడ్డు వైపే చూసేది. తిరిగొచ్చాక పెదనాన్న ఒక మంచి పని చేశారు. సాయంత్రం తిండి పెట్టే పని మనవడికి అప్పజెప్పారు, అప్పుడప్పుడూ దారి కూడా మార్చి తిప్పుతున్నారు. పద్ధతిగా ఉండే మనుషులు ఇది ముందునుంచే చేసుకోవాలి.

మా పక్కింటి ఒడియా ఆయన సరిగ్గా దీనికి ఎదురు. బట్టల వ్యాపారం, ఇంటినిండా జనం. బరంపురం నుంచి చుట్టాలు, కొట్లో కుర్రాళ్ళు, పిల్లల స్నేహితులు. వాళ్ళ లాబ్రడార్ రాకీని రెండు నెలల వయసులో తెచ్చారు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా లోకాన్ని నమ్మడం నేర్చుకునే వయసు. ఆ రోజుల్లో ఎంతమందిని, ఎన్ని చప్పుళ్ళని భయం లేకుండా చూస్తే తర్వాత అంత నిశ్చింతగా ఉంటుంది. కలుపుగోలు మనుషుల ఇంట్లో ఇది ఎవరూ పనిగట్టుకుని చేయక్కర్లేదు, దానంతటదే జరిగిపోతుంది. రాకీ అందరినీ స్నేహితులే అనుకుంటుంది. వాళ్ళు ఒడియాలో ‘బస్’ అంటే కూర్చుంటుంది, మా పిల్లలు ‘కూర్చో’ అన్నా కూర్చుంటుంది. కాకపోతే ఒంటరిగా ఒక్క గంట ఉండలేదు. పోయిన వేసవిలో వాళ్ళంతా పెళ్ళికి వెళ్ళిన రాత్రి అది ఏడ్చిన ఏడుపు వీధంతా విన్నాం. రోజుకి కాసేపు ఖాళీ గదిలో, ఒక బొమ్మ నములుకుంటూ ఉండడం దానికి చిన్నప్పుడే అలవాటు చేసి ఉండాల్సింది. ఇప్పుడు కొద్దికొద్దిగా నేర్పిస్తున్నారు.

ఇక మా పిన్ని. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీకు బాగా పనికొచ్చేది ఇదే.

పిన్నికి ప్రతిదానికీ కంగారు. ఫోన్ మోగితే కంగారు, పిల్లలు పది నిమిషాలు ఆలస్యమైతే కంగారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ దెబ్బ మా గజపతి జిల్లా మీదా గట్టిగా పడింది. ఆ రాత్రి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. గాలికి పెరటి రేకులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పిన్ని ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతూ దేవుడికి దండాలు పెడుతోంది, ఆవిడ వెనకాలే వాళ్ళ జిమ్మీ. ఆవిడ ఆగితే ఆగడం, నడిస్తే నడవడం, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని గజగజ వణకడం. బాబాయ్ మాత్రం గోడ పక్కన మంచం మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, టార్చిలైట్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. దాన్ని పిలవలేదు, బుజ్జగించలేదు. చాలాసేపటికి జిమ్మీ వచ్చి ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. వణుకు పూర్తిగా పోలేదు గానీ తిరగడం మానేసింది. ఇప్పటికీ ఉరిమిందంటే అది ఆకాశం వైపు చూడదు. ముందు పిన్ని మొహం చూస్తుంది.

ఈ మొహం చూడడం గురించి ఇటలీలోని మిలాన్ యూనివర్సిటీ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు, 2012లో వచ్చింది. ఫ్యాన్‌కి రిబ్బన్లు కట్టి కుక్కల ముందు తిప్పారు. చాలా కుక్కలు ఫ్యాన్‌ని చూసి, వెంటనే యజమాని వంక చూశాయట, ఇదేంటి అన్నట్టు. యజమాని భయపడినట్టు కనిపిస్తే కుక్క కూడా వెనకాడింది. అంతేకాదు, మొహం దాచుకున్నా లాభం లేదు. కంగారు పడ్డ మనిషి చెమటలో, ఊపిరిలో వాసన మారుతుంది. ఆ మార్పుని శిక్షణ పొందిన కుక్కలు 90 శాతానికి పైగా సరిగ్గా పట్టుకున్నాయని బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2022లో చూపించారు. నువ్వు నవ్వుతూ ‘ఏం లేదురా’ అన్నా దానికి తెలిసిపోతుందన్నమాట.

స్వీడన్‌లో లింకోపింగ్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకా ముందుకు వెళ్ళారు. 58 కుక్కల వెంట్రుకలు, వాటి యజమానుల వెంట్రుకలు తీసుకుని, వాటిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచారు. వెంట్రుకలో నెలల తరబడి ఒత్తిడి లెక్క నిలిచి ఉంటుంది. యజమానికి ఎక్కువున్న చోట కుక్కకీ ఎక్కువే ఉంది. ఇది 2019 సంగతి. అవి గొర్రెల్ని కాసే జాతులు, అంటే మనిషి సైగని కనిపెట్టి పనిచేసేవి. తర్వాత 2021లో ఒంటరిగా వేటాడే జాతుల్నీ, పాతకాలపు జాతుల్నీ తీసుకుని చూస్తే ఆ పోలిక కనబడలేదు. కాబట్టి మనిషి ఒత్తిడి ప్రతి కుక్కకీ ఒకేలా అంటుకుంటుందని అనుకోనక్కర్లేదు. మనిషి వంక ఎప్పుడూ చూస్తుండే జాతికి ఎక్కువ అంటుకుంటుందని నాకు అర్థమైంది. నీకు ఎవరైనా గొర్రెల్ని కాసే బోర్డర్ కోలీ ఇప్పిస్తామంటే వద్దను.

ఇవన్నీ రాస్తున్నది నిన్ను భయపెట్టడానికి కాదు. నువ్వు నీ ఉత్తరంలో ‘నాకసలే టెన్షన్ ఎక్కువ, ఎవరితోనూ పెద్దగా కలవను, నాలాంటివాడు కుక్కని పెంచగలడా’ అని రాశావే, అది చదివి నాకు మనసు అదోలా అయింది. పెంచగలవురా. నీలాంటివాళ్ళే బాగా పెంచుతారని కూడా నాకు నమ్మకం. ఎందుకో చెప్తాను.

తక్కువ మాట్లాడేవాడు ఎక్కువ చూస్తాడు. కుక్క మొరగడం, కరవడం చివరి మాటలు. అంతకుముందే అది చాలా చెప్తుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, మొహం పక్కకి తిప్పుకుంటుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. నాకిది నచ్చట్లేదు, కాస్త వదిలెయ్ అని దాని అర్థం. సందడి మనుషులకి ఇది కనబడదు, ‘అబ్బా ఎంత ముద్దుగా ఆవలిస్తోందో’ అని ఇంకా మీద పడతారు. నువ్వు ఎనిమిదో తరగతిలోనే మాష్టారు గుమ్మంలోకి రాగానే ఆ రోజు ఆయన మూడ్ ఏంటో చెప్పేసేవాడివి. ఆ కన్ను కుక్కకి ఎంత మేలు చేస్తుందో నీకు తెలీదు.

నీ దగ్గర లోటు ఏమైనా ఉంటే అది లోకం చిన్నదైపోవడం. మాట్లాడనివాడి కుక్క వాడికే అతుక్కుపోతుంది, కొత్త మనిషి వస్తే మంచం కిందకి దూరుతుంది. అక్కడే చెల్లెమ్మ సాయం కావాలి. ఆవిడ పదిమందిని పలకరించే మనిషి కదా, మొదటి రెండు నెలలు కుక్కపిల్లని కింద పార్కుకి, కూరగాయల బండి దగ్గరికి, లిఫ్ట్‌లోకి, వాచ్‌మన్ దగ్గరికి తీసుకెళ్ళే పని ఆవిడకి ఇవ్వు. టీకాలు పూర్తయ్యేదాకా చంకలో ఎత్తుకునే తిప్పమను, ఊరకుక్కలు తిరిగే చోట నేల మీద దించొద్దు. రాత్రి నిద్రపుచ్చడం, దువ్వడం నీ వంతు. ఇంట్లో ఇద్దరి స్వభావాలు వేరైతే కుక్కకి లాభమే, ఎవరి పని వాళ్ళకి నప్పేలా పంచుకుంటే చాలు.

కంగారు సంగతి అంటావా, దాన్ని మానుకోమని నేను చెప్పను, అది నీ చేతిలో లేదు. కానీ గొలుసు నీ చేతిలో ఉంటుంది. ఎదురుగా ఇంకో కుక్క కనబడగానే చాలామంది తెలియకుండానే గొలుసు బిగించేస్తారు. ఆ బిగింపు మెడ దాకా వెళ్ళి, ఏదో ప్రమాదం ఉందని దానికి చెప్పేస్తుంది. అప్పుడు మొరుగుతుంది. నువ్వు చేయాల్సింది గొలుసు వదులుగా ఉంచి, రోడ్డుకి అవతలి వైపు దాటేయడం. మహేంద్రతనయ గట్టు మీద నేను మా కుక్కని తిప్పేటప్పుడు రోజూ ఇదే పద్ధతి. ఆగి ధైర్యం చెప్పక్కర్లేదు, పక్కకి తప్పుకుంటే చాలు. ఆఫీసులో బాగా విసిగిపోయి వచ్చిన రోజు మాత్రం కొత్తవేవీ నేర్పించకు. ఆ సాయంత్రం ఊరికే నడవండి, లేదా పక్కన పడుకోనివ్వు.

ఇంకొకటి, ఇది కాస్త కష్టమైన మాట. మీ నాన్నగారు. ఆయనంటే నాకెంత గౌరవమో నీకు తెలుసు. కానీ ఆయన కోపం కూడా నాకు తెలుసు. ‘రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది’ అనే కాలం మనిషి. కుక్క వచ్చే ముందే ఆయనతో కూర్చుని మాట్లాడు. పోర్చుగల్‌లో పోర్టో యూనివర్సిటీ వాళ్ళు 2020లో 92 కుక్కల్ని చూశారు. కొట్టి, గొలుసు గుంజి నేర్పిన కుక్కల్లో శిక్షణ సమయంలో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. అంతటితో అయిపోలేదు, శిక్షణ లేని వేళ కూడా అవి కొత్త చోట గిన్నె కనిపిస్తే అందులో తిండి ఉంటుందన్న ఆశ తక్కువగా చూపించాయి. నాకు ఆ ఒక్క సంగతీ చాలా బాధేసింది. కొట్టినందువల్ల అది మాట వినడం కాదు, మంచి జరుగుతుందన్న నమ్మకమే పోగొట్టుకుంటోంది. మీ నాన్నగారికి వద్దు అని చెప్తే వినరు, కాబట్టి ఒక పని అప్పజెప్పు. తిండి గిన్నె పెట్టే ముందు దాన్ని కూర్చోమని చెప్పి, కూర్చున్నాకే పెట్టే బాధ్యత ఆయనది చెయ్యి. పెద్దరికం నిలుస్తుంది, చెయ్యెత్తాల్సిన అవసరం రాదు. నెల తిరక్కుండా అది ఆయన కుర్చీ కిందే పడుకుంటుంది, చూడు.

అలాగే ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. ఒకరు సోఫా ఎక్కనిచ్చి, ఇంకొకరు దింపేస్తే ఆ కుక్క ఎవరి మాటా నమ్మదు. స్వభావాలు నాలుగు ఉండొచ్చు, రూల్ ఒక్కటే ఉండాలి.

ఇప్పుడు నీ ప్రశ్న. మూడో అంతస్తు ఫ్లాట్, మీ ఇద్దరికీ ఉద్యోగాలు, రోజంతా ఇంట్లో ఉండేది నాన్నగారు. బీగిల్ వద్దు. అది వేటకుక్క, గొంతు పెద్దది, వాసన పట్టిందంటే ఎవరి మాటా వినదు. మీ నాన్నగారికీ దానికీ రోజూ గొడవే. లాబ్రడార్ ఫరవాలేదు గానీ రోజుకి రెండుసార్లు బాగా తిప్పాలి, లేకపోతే లావెక్కిపోయి కీళ్ళు పాడవుతాయి. నన్నడిగితే మన దేశవాళీ కుక్కని తీసుకో. మన ఎండకి తట్టుకుంటుంది, పొట్టి వెంట్రుకలు, పెద్దగా ఖర్చుండదు. పిల్లే కావాలని పట్టుబట్టకు. ఏడాది దాటిన దాన్ని తీసుకుంటే దాని స్వభావం అప్పటికే కనబడుతుంది. జంతువుల్ని చూసుకునే షెల్టర్‌కి మీరంతా కలిసి రెండు మూడుసార్లు వెళ్ళండి. నాన్నగారు దగ్గితే అది ఉలిక్కిపడుతుందా, పాప పరిగెత్తితే వెంటపడుతుందా, నువ్వు ఊరికే కూర్చుంటే దానంతటది దగ్గరికొస్తుందా, ఈ మూడూ చూడు. రేబిస్ టీకా వేశారో లేదో కాగితం అడుగు, వేయకపోతే ముందు అది వేయించు. తర్వాత డాక్టర్ చెప్పిన తేదీకి ప్రతిసారీ వేయించాలి.

ఏదీ తేల్చుకునే ముందు దసరా సెలవులకి అందరూ ఇక్కడికి రండి. పలాస దాకా రైల్లో వస్తే నేను బండి తీసుకొస్తాను. సీజర్, రాకీ, జిమ్మీ, మా కుక్క అన్నిటితోనూ మీ నాన్నగారు నాలుగు రోజులు గడిపితే మనం చెప్పేదానికంటే ఆయనకే ఎక్కువ తెలుస్తుంది. ఈలోగా నాకు మూడు సంగతులు రాయి: పొద్దున్నే ఇంట్లో ముందు లేచేది ఎవరు, మధ్యాహ్నం నాన్నగారు ఎంతసేపు పడుకుంటారు, పాపకి కుక్కలంటే కొంచెమైనా భయం ఉందా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
పర్లాకిమిడి మిత్రుడు