పాత ట్రాక్టరును ఇనుముకు వేసేముందు

సంపాదకులకు నమస్కారం.

ముంగారు వానలు దగ్గర పడుతున్నాయి. పాత ట్రాక్టరుకు ఇంజన్ బోరు చేయించాలా (అరిగిన లోపలి భాగాలు మార్పించాలా), లేక ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవాలా అని అనంతపురం జిల్లా పల్లెల్లో ఇప్పుడు రైతులు తర్జనభర్జన పడుతున్నారు. పొగ చూసి కొందరు, ఫైనాన్స్ వాళ్ల మాట విని కొందరు తేల్చేసుకుంటున్నారు. బాగా నడిచే బండ్లు పాత ఇనుము ధరకు పోతున్నాయి. పనికిరాని బండ్ల మీద లక్ష రూపాయలు పోసినవాళ్లూ ఉన్నారు. ఈ రెండు నష్టాలూ తప్పించుకోవచ్చు. అందుకే ఈ ఉత్తరం.

ఇంజన్ అరిగిపోయిందని ట్రాక్టరును వదులుకోనక్కర్లేదు. లైనర్లు (సిలిండరు లోపలి గొట్టాలు), పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చుకోవడానికే ఉన్నాయి. బండిని నిజంగా ముంచేవి వేరే: గేర్‌బాక్సు లేదా హౌసింగ్ (పోత ఇనుప పెట్టె) పగలడం, వెనక చక్రాలను తిప్పే క్రౌన్ పినియన్ గేర్ల పళ్లు పోవడం, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇక గ్రైండింగ్‌కు, అంటే సానపట్టడానికి అందకపోవడం, సామాను దొరకకపోవడం. ముందు వీటిని చూసుకుని ఆ తర్వాత ఇంజన్ దగ్గరికి రావాలి. మన దగ్గర అందరూ ఇంజన్‌తో మొదలుపెడతారు.

గేర్‌బాక్సును విప్పకుండానే చాలావరకు చదవొచ్చు. బండి వేడెక్కాక గేరు ఆయిల్ దించి, డ్రెయిన్ బోల్టుకు అంటిన మడ్డిని రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే. గరగరమంటూ సజ్జగింజలంత ముక్కలు చేతికి తగిలితే ఎక్కడో పన్ను విరిగిందన్న మాట. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, బేరింగులు తుప్పు పట్టి ఉంటాయి. తర్వాత బరువున్న ట్రాలీ తగిలించి దిగుడులో నడపండి. గేరు దానంతటది జారిపోతే షిఫ్టర్ ఫోర్కో గేరు పళ్ల అంచులో అరిగాయి. క్లచ్చు హౌసింగ్, గేర్‌బాక్సు కలిసే చోట, ముందు యాక్సిల్ బ్రాకెట్టు దగ్గర మట్టి గీకి, డీజిల్‌తో తుడిచి చూడాలి. పోత ఇనుములో వెంట్రుకంత గీటు కనబడినా, దానిమీద పాత వెల్డింగు ఉన్నా ఆ బండి మీద పెద్ద ఖర్చు పెట్టకండి.

ఇక ఇంజన్. లోడు మీద నల్లపొగ వస్తే బోరు పోయిందని అనుకోవద్దు. గాలి అందకపోయినా, డీజిల్ ఎక్కువ పడినా అదే పొగ వస్తుంది. ఎయిర్ క్లీనరు, డీజిల్ ఫిల్టర్లు, ట్యాపెట్ల గ్యాపు, నాజిళ్లు చూపించాకే ముందుకు పోవాలి. నాజిల్ డీజిల్‌ను మంచులా చిమ్మాలి. చుక్కలుగా కారితే ఆ ఒక్క నాజిలే పిస్టన్ తలను కాల్చేస్తుంది. పొద్దున స్టార్టు చేసినప్పుడు కాసేపు తెల్లపొగ వచ్చి పోతే భయం లేదు. వేడెక్కాక కూడా ఆగకుండా వస్తూ, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందో, హెడ్ పగిలిందో చూడాలి. అలా పోయి ఉంటే, చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్టు చేస్తే నీళ్లలో బుడగలు లేస్తాయి.

అసలు అరుగుదలను చూపేది నీలిపొగ, బ్యాక్ కంప్రెషన్ (పిస్టన్ పక్కనుంచి కిందికి తన్నే గాలి). ఇంజన్ వేడి మీద ఉండగా ఆయిల్ పోసే మూతను తిరగేసి రంధ్రం మీద పెట్టండి. మూత కొద్దిగా కదిలితే సరే, ఎగిరి పడితే రింగులు, లైనర్లు అరిగాయి. దీన్ని అంకెల్లో తెలుసుకోవాలంటే డీజిల్ ఇంజన్ కంప్రెషన్ గేజీ కావాలి. నాజిళ్లన్నీ తీసి, డీజిల్ ఆపే స్టాప్ నాబ్ లాగి ఉంచి, నిండు బ్యాటరీతో సెల్ఫ్ కొట్టి ఒక్కో సిలిండరును కొలవాలి. చాలా మోడళ్లలో 350 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) పైన ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. 300 కంటే దిగితే చలికాలంలో స్టార్టు కావడం కష్టం. అన్ని సిలిండర్లూ సమానంగా తగ్గితే వయసు అనుకోవచ్చు. ఒక్కదానికీ మిగతావాటికీ 50 పైన తేడా ఉంటే అక్కడ వేరే జబ్బుంది. ఆ సిలిండరులో ఒక్క చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి, చెంచాకు మించి పోయొద్దు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. వాల్వుల పనికి మొత్తం ఇంజన్ దించమనే మెకానిక్ దగ్గర ఆగి ఆలోచించండి.

హెడ్ తీశాక లైనరు పైఅంచున గోరుతో గీరి చూడాలి. గోరు మెట్టుకు తగిలి ఆగితే రింగులు మాత్రం మార్చి లాభం లేదు, లైనర్లూ మార్చాల్సిందే. క్రాంక్ సంగతి బేరింగు ముక్క వెనకవైపు రాసి ఉంటుంది. అక్కడ 0.25, 0.50 అన్న అంకెలు కనిపిస్తే క్రాంక్‌ను అంతమేరకు ఇప్పటికే గ్రైండ్ చేసినట్టు. 0.75 అని ఉంటే కొన్ని ఇంజన్లకు అదే ఆఖరు, ఇక కొత్త క్రాంక్ కొనాల్సి వస్తుంది. ఆ ధర ముందే అడిగి లెక్కలో వేసుకోండి. వేడి మీద నెమ్మది స్పీడులో ఆయిల్ ప్రెషర్ ఒక కేజీ కంటే బాగా దిగిపోతుంటే క్రాంక్, బేరింగుల పని పడొచ్చని ముందే తెలిసినట్టు.

బోరు చేయించిన ఇంజన్ ఒక్క సీజనుకే మళ్లీ ఆయిల్ తాగుతోందని రైతులు బాధపడుతుంటారు. ఎక్కువసార్లు తప్పు కిట్టుది (కొత్త లైనర్, పిస్టన్ సెట్టుది) కాదు, దుమ్ముది. మన ఎర్రనేలల దుమ్ములో సన్న ఇసుక ఉంటుంది. అది గాలితో కలిసి లోపలికి పోతే లైనరును గరుకు కాగితంలా రాసేస్తుంది. ఎయిర్ క్లీనరుకూ ఇంజనుకూ మధ్య రబ్బరు గొట్టం ఎండకు పగిలి ఉంటుంది, క్లిప్పు వదులైపోయి ఉంటుంది. ఇంజన్ దించకముందే ఆ గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి ఎర్రమట్టి అంటితే అసలు కారణం దొరికినట్టే. దాన్ని సరిచేయకుండా వేసిన కొత్త కిట్టు మట్టిపాలే. శనక్కాయ మిషన్ పక్కన నిలబెట్టి పీటీఓ (మిషన్లను తిప్పే వెనక షాఫ్టు) మీద నడిపేటప్పుడు ఎయిర్ క్లీనరు కింది ఆయిల్ బాత్ గిన్నెను రోజూ కడిగి, గీత వరకే ఆయిల్ పోయాలి. బోరుబావి నీళ్లు రేడియేటరులో పోయడం మరో తప్పు. లోపల సున్నం పొరలా కట్టి వేడి దిగదు. వేడెక్కుతోందని, నీళ్ల వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ తగినంత వేడెక్కక ఇంకా త్వరగా అరుగుతుంది.

హైడ్రాలిక్స్ గురించి అంత దిగులు వద్దు. కల్టివేటర్ ఎత్తి ఇంజన్ ఆపితే కొద్ది నిమిషాల్లో దిగిపోతోందంటే సిలిండరు ఓరింగో (రబ్బరు రింగో) కంట్రోల్ వాల్వో, మామూలుగా చిన్న ఖర్చే. ముందు చక్రాలు జాకీ మీద లేపి పైకీ కిందకీ ఊపితే కింగ్ పిన్ బుష్షులు, బేరింగులు తెలుస్తాయి. వెనక టైర్లను మాత్రం మరవకండి. నేలను పట్టే బద్దలు బాగున్నా పక్కలు ఎండకు పగిలి ఉంటే జత టైర్ల ధర రిపేరు ఖర్చులో కలపాల్సిందే.

సామాను సంగతి ఊరి దగ్గరే విచారించుకోవాలి. మహీంద్రా, మాస్సీ, స్వరాజ్ పాత మోడళ్లకు అనంతపురంలోనే వెతుక్కోవచ్చు. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఆ బండి ఉన్నవాళ్లు గేరు సామాను చేతికి వచ్చాకే ఇంజన్ విప్పించాలి. ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో కలవకపోతే ఎంత బాగుచేసినా అమ్మేటప్పుడు చిక్కే.

డబ్బు లెక్క ఇలా వేసుకోవచ్చు. కొత్త బండికి 6 లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, ఐదేళ్ల నెల వాయిదాలు అనుకుంటే ఏడాదికి దాదాపు లక్షా 60 వేలు కట్టాలి. ఏడాదికి 300 గంటల పని ఉంటే డీజిల్, డ్రైవరు కాకుండానే గంటకు 530 రూపాయలు పైన పడుతుంది. పది ఎకరాల మెట్ట ఉండి కిరాయిలకు పోని రైతుకు 150 గంటలు కూడా దొరకవు, అతనికి గంటకు వెయ్యి దాటుతుంది. అదే పాత బండికి లక్షా 20 వేలు పెట్టి మూడేళ్లు నడిపితే 300 గంటల లెక్కన గంటకు 133. కాబట్టి గేర్‌బాక్సు, హౌసింగ్, క్రాంక్ బాగున్న బండిని బాగుచేయించుకోవడమే మేలని మా గట్టి అభిప్రాయం. రోటవేటరు కిరాయిలతోనే బతకాలనుకుని, చేతిలో 30 హార్స్‌పవర్ బండి మాత్రమే ఉన్నవాళ్ల సంగతి వేరు. దానికి ఎంత పోసినా ఆ పని సాగదు.

ఈ పరీక్షలు ఎండాకాలంలోనే జరగాలి. పదును పడ్డాక లేత్ షాపుల ముందు ఇంజన్లు వరుసకడతాయి, తొందరలో చేసిన పని నిలవదు. మన గార్లదిన్నెలోనే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ఆ సంస్థ, వ్యవసాయ శాఖ కలిసి ఏటా ఏప్రిల్, మే నెలల్లో మండలానికి ఒక రోజు రైతు సేవా కేంద్రం దగ్గర ఒక కంప్రెషన్ గేజీ, ఒక నాజిల్ టెస్టరు, ఒక ఆయిల్ ప్రెషర్ గేజీతో పాత ట్రాక్టర్లను పరీక్షించాలి. వచ్చిన అంకెలు కాగితం మీద రాసి రైతు చేతికివ్వాలి. ఆ కాగితం పట్టుకుని ఏ షెడ్డుకు వెళ్లినా ఏ పని అవసరమో, ఏది అక్కర్లేదో అతనే అడగగలడు. జిల్లా అధికారులు ఈ విషయం పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
ట్రాక్టర్ మెకానిక్‌లు, గార్లదిన్నె మండలం,
అనంతపురం జిల్లా