లైను ఉంటుంది, పేజీ మాత్రం రాదు: తప్పు ఎక్కడుందో దొరికింది

మా ఇంటర్నెట్ కస్టమర్లందరికీ నమస్కారం.

9 రోజులుగా మీలో చాలామంది ఒకే మాట చెబుతున్నారు. యూట్యూబ్ ఆడుతుంది, వాట్సాప్ మెసేజ్ పోతుంది, బ్యాంకు సైటు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కాసేపటికి దానంతటదే తెరుచుకుంటుంది, మళ్లీ ఆగిపోతుంది. మా సపోర్టు వాళ్లేమో లైను బాగానే ఉంది, రూటర్ ఆపి మళ్లీ వేయండి అన్నారు. మీ రూటర్లలో ఏ లోపమూ లేదు. తప్పు మా లింకులో ఉంది, క్షమించండి.

సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కి మన మెయిన్ లింకు 65వ నంబరు హైవే పక్క ఫైబర్ మీద వెళ్తుంది. ఆ ఫైబర్ తెగితే, లింకు ఇచ్చిన కంపెనీ పరికరాలు ట్రాఫిక్‌ని వెంటనే తమ ఫైబర్ రింగులో రెండో దారికి మళ్లిస్తాయి. ఈసారి జరిగింది అదే. ఆ దారిలో మన ప్యాకెట్‌కి (డేటా ముక్కకి) ఎంపీఎల్‌ఎస్ తొడుగు, అంటే దారి చూపే అదనపు బైట్లు, పడుతుంది: రెండు లేబుళ్లు 8 బైట్లు, కంట్రోల్ వర్డ్ 4, లోపలి ఈథర్‌నెట్ హెడర్ 14, వీల్యాన్ ట్యాగ్ 4. మొత్తం 30. అక్కడి పోర్టులు ఒక్కో ప్యాకెట్‌కి 1500 బైట్ల దగ్గరే ఆగిపోయాయి కాబట్టి మనకు మిగిలింది 1470. అంతకంటే పెద్ద ప్యాకెట్‌ని స్విచ్ చడీచప్పుడు లేకుండా పారేస్తుంది, వెనక్కి కబురు కూడా పంపదు.

అసలు చిక్కు బీజీపీలో వచ్చింది. ఏ చిరునామాకి ఏ దారో రెండు నెట్‌వర్కుల రూటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి అది. సెషన్ కలిసేటప్పుడు మాట్లాడుకునేవి చిన్న మెసేజ్‌లే, కాబట్టి కలిసిపోతుంది. మన చిరునామాలు కొన్నే, అవీ అవతలికి చేరతాయి. అవతలి నుంచి పూర్తి రూట్ల జాబితా మాత్రం 1500 బైట్ల ప్యాకెట్లలో బయలుదేరి దారిలోనే పోతుంది. దాని వెనక క్యూలో ఉన్న కీప్‌అలైవ్‌లు (ఇంకా ఉన్నానని చెప్పే చిన్న మెసేజ్‌లు) కూడా రావు. 180 సెకన్లకు, వాటి కోసం ఎదురుచూసే గడువు, అంటే హోల్డ్ టైమర్, అయిపోయి సెషన్ పడిపోతుంది, తర్వాత మళ్లీ కలుస్తుంది. సెషన్ ఉన్న ఆ 3 నిమిషాలూ మీకు రావలసిన డేటా మెయిన్ లింకులోనే వచ్చి పెద్ద ప్యాకెట్లు పోయేవి. సెషన్ పడిపోతే మనకు విడిగా ఉన్న రెండో లింకు పట్టుకునేది, పేజీ తెరుచుకునేది. యూట్యూబ్ ఎక్కువగా క్విక్ (QUIC) అనే పద్ధతి మీద నడుస్తుంది, దాని ప్యాకెట్లు చిన్నవి, అందుకే అది ఆగలేదు.

మేము ముందే పట్టుకోలేకపోవడానికి కారణం మా మానిటరింగ్. లింకు పనిచేస్తోందా అని నిమిషానికోసారి వెళ్లే పింగ్ 56 బైట్లే. లింకు తెగిందా అని క్షణక్షణం చూసే బీఎఫ్‌డీ ప్యాకెట్లూ చిన్నవే. రెండూ పచ్చగానే చూపించాయి. లాగ్‌లో హోల్డ్ టైమర్ ఎక్స్‌పైర్డ్ అని వరుసగా కనబడ్డాక, డోంట్ ఫ్రాగ్మెంట్ (ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దన్న గుర్తు) పెట్టి సైజు పెంచుతూ పింగ్ చేశాం. 1442 వెళ్లింది, 1443 వెళ్లలేదు. 28 హెడర్ కలిపితే సరిగ్గా 1470.

ఇప్పటికి చేసినవి: బీజీపీ సెషన్‌కి ఎంఎస్‌ఎస్ (ఒక ప్యాకెట్‌లో హెడర్లు కాక పట్టే డేటా హద్దు) 1430 పెట్టాం. మీ ట్రాఫిక్‌కి ఇంతకుముందున్న 1452ని కూడా 1430కి, ఐపీవీ6కి 1410కి దించాం. వేగంలో మీకు తేడా తెలియదు. ఇకపై ప్రతి నిమిషం 1472 బైట్ల (హెడర్‌తో 1500) పింగ్ కూడా వెళ్తుంది. ఇది కట్టు మాత్రమే, మందు కాదు. రెండో దారిలో ఎంటీయూ (ప్యాకెట్ మొత్తం సైజు హద్దు) కనీసం 1600 చేయమని లింకు కంపెనీని రాతపూర్వకంగా అడిగాం. వాళ్లు చేశామన్నాక, ఒక రాత్రి లింకుని కావాలనే ఆ దారికి మళ్లించి 1472తో పరీక్షించేదాకా దీన్ని మూసేయం.

డేటా పంపే పద్ధతుల్లో ఎంఎస్‌ఎస్ టీసీపీకే పనిచేస్తుంది, చాలా వీపీఎన్‌లు వాడే యూడీపీకి కాదు. కాబట్టి ఆఫీసు వీపీఎన్ వాడేవాళ్లకు ఇబ్బంది ఇంకా ఉండొచ్చు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అయితే ఎంటీయూ 1420 నుంచి 1400కి దించండి: 60 బైట్ల తొడుగు కలిపినా 1460, 1470 లోపే కాబట్టి వెళ్లిపోతుంది. వేరే వీపీఎన్ అయితే మీ ఐటీ వాళ్లని ఎంటీయూ 1380 పెట్టమనండి.

9 రోజుల డబ్బు వచ్చే బిల్లులో తగ్గుతుంది, ఎవరూ అడగక్కర్లేదు. మళ్లీ ఆగితే ఏ సైటు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అన్నది రాసి పంపండి. ఆ నిమిషాన్ని లాగ్‌తో పోల్చి చూస్తాం.