ఫార్మ్‌డీ విద్యార్థులకు ఇన్‌హేలర్ నేర్పేటప్పుడు

వార్డులో విద్యార్థులకు పని నేర్పే ప్రిసెప్టర్లందరికీ నమస్కారం. సోమవారం నుంచి ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఐదో ఏడాది విద్యార్థులు ఛాతీ వార్డుకు వస్తున్నారు. రోగి దగ్గరికి పంపే ముందు మందు లేని డెమో ఇన్‌హేలర్‌తో మన ముందే చేయించండి. ఎక్కువ మంది తడబడేది ఒక్కచోటే: నొక్కే ఇన్‌హేలర్‌కు గాలి నెమ్మదిగా, లోతుగా పీల్చాలి, క్యాప్సూల్ పెట్టే రోటాహేలర్‌కు గట్టిగా, వేగంగా లాగాలి. ఇవి తారుమారైతే మందు చాలావరకు ఊపిరితిత్తుల దాకా చేరదు. పీల్చాక 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ అయితే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకుంటే నోట్లో తెల్లపూత రావచ్చు.

రోగిని "అర్థమైందా?" అని విద్యార్థులను అడగనివ్వకండి, అందరూ తలూపుతారు. "ఒకసారి చేసి చూపించండమ్మా" అనమనండి. రోటాహేలర్‌లోకి ఊదే అలవాటు అప్పుడే బయటపడుతుంది. అలా ఊదితే తేమ చేరి పొడి అతుక్కుపోతుంది.